మిషన్ విమానాల్లో మెకానిక్‌గా వెళ్తానంటున్న అబ్బాయి తండ్రిగారికి

వందనాలు బ్రదర్. పాలకొల్లు నుంచి మీరు రాసింది చదివాను. అబ్బాయి టర్బైన్ విమానాల మరమ్మతుకిచ్చే బి1.1 లైసెన్సు తెచ్చుకుని హైదరాబాద్‌లో ఎయిర్‌బస్‌ల మీద పనిచేస్తున్నాడు. కూటాలకొచ్చిన ఒక బ్రదర్ అడవుల్లో దిగే మిషన్ విమానాల వీడియో చూపించాక ఉద్యోగం మానేసి అక్కడికే పోతానంటున్నాడు. వాళ్లమ్మగారు బెంగ పెట్టుకుని అన్నం సరిగ్గా తినట్లేదు. అక్కడ రోజూ ఏం చేస్తారు, జీతం ఉంటుందా, ప్రాణానికి ప్రమాదమా, అసలు ఆ విమానమేదో మన గోదావరి జిల్లాల్లోనే పెట్టుకోవచ్చు కదా అని అడిగారు. నాది నరసాపురం పక్క ఊరు. పాపువా న్యూ గినీ కొండల్లో ఇలాంటి ఒక సంస్థ హ్యాంగర్‌లో చాలా ఏళ్లు ఇంజినీరుగా చేసి వచ్చి, ఇప్పుడు కొబ్బరి తోట చూసుకుంటున్నాను. తెలిసినంత చెబుతాను.

పంపొచ్చు. కానీ వాడు "సేవకి వెళ్తా" అంటున్నప్పుడు వాడి మనసులో ఉన్నది వాక్యం చెప్పడమా, రెంచి పట్టడమా అన్నది ముందు అడగండి. మైకు పట్టుకోవాలని ఉన్నవాడు అక్కడ ఏడాది తిరక్కుండానే నీరసపడిపోతాడు. అక్కడ ఇంజినీరు చేసేది రవాణా పని. పొద్దున్నే విమానం లేవాలి, సాయంత్రం క్షేమంగా తిరిగి రావాలి, రేపు మళ్లీ లేవాలి. సువార్త చెప్పేవాళ్లు, ఆసుపత్రి నడిపేవాళ్లు, బళ్లో చెప్పేవాళ్లు వేరే ఉంటారు. వాళ్లనీ వాళ్ల సామాన్లనీ మోయడమే ఈ సంస్థల పని.

విమానమే ఎందుకంటే, పాపువా న్యూ గినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీ నుంచి లోపలి కొండ సీమలకు రోడ్డే లేదు. ఎనిమిది వందలకు పైగా భాషలున్న దేశం. ఒక లోయకీ పక్క లోయకీ నడుమ మూడు వేల మీటర్లు దాటిన కొండలు. విమానంలో పావుగంట పట్టే దూరం నడిస్తే రోజులు పడుతుంది. యానాం–ఎదుర్లంక వంతెన 2002లో రాకముందు పురిటి నొప్పులొచ్చిన మనిషిని కాకినాడ తీసుకెళ్లాలంటే రేవులో పంటు కోసం ఎలా నిలబడేవాళ్లమో మన కోనసీమ వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. అక్కడ ఆ పంటు కూడా ఉండదు. అందుకే టీకాల పెట్టెలు, పరీక్ష పేపర్లు, బళ్లోకి పుస్తకాలు, ఇనప రేకులు, సోలార్ పలకలు, ఉప్పు, సబ్బులు, బైబిళ్లు అన్నీ మన విమానంలోనే వెళ్తాయి. తిరుగు దారిలో ఊరివాళ్లు పండించిన కాఫీ గింజల బస్తాలు వస్తాయి. ఆ ఊరికి డబ్బు కళ్లబడేది ఆ బస్తాల మీదే. రోగిని స్ట్రెచర్ మీద నేలకి బిగించి తెస్తాం. ఆసుపత్రిలో పోయినవాళ్లను పెట్టెలో తిరిగి ఊరికి దింపుతాం.

ఈ సేవ ఎలా మొదలైందో అబ్బాయికి తెలిసే ఉంటుంది, మీ కోసం రెండు ముక్కలు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు నడిపిన కొందరు విశ్వాసులు 1945లో అమెరికాలో ఒక సహవాసంగా ఏర్పడ్డారు. ఇవాళ మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ అంటున్నది అదే. ఆ సంస్థకి మొదటి పైలట్ బెటీ గ్రీన్ అనే ఆవిడ, 1946లో బైబిలు అనువాదకులను మెక్సికోకి తీసుకెళ్లింది. మన సంఘాల్లో ఆడపిల్లలకి ఇలాంటి పనులెందుకు అనేవాళ్లకి ఈ మాట చెప్పండి. 1948లో బ్రిటన్ నుంచి ఒక చిన్న మైల్స్ జెమినీ విమానంలో ఆఫ్రికా చూడ్డానికి వెళ్లినవాళ్లు బురుండీ కొండల్లో కూలిపోయి కూడా బతికి బయటపడ్డారు. అదే ఏడు బైబిలు అనువాదకుల కోసం జార్స్ అనే సంస్థ పుట్టింది. 1956 జనవరి 8న ఈక్వడార్ అడవిలో పైలట్ నేట్ సెయింట్‌నీ, మరి నలుగురు మిషనరీలనీ అక్కడి గిరిజనులు ఈటెలతో చంపారు. కూటాల్లో చూపించే వీడియోలు ఎక్కువగా ఈ చివరి కథ చుట్టూనే తిరుగుతాయి. గొప్ప త్యాగమే, కాదనను. అయితే ఆ ఒక్క కథ చూసి ఉద్రేకంతో వచ్చిన కుర్రాళ్లు మూడో వారంలో వీల్ బేరింగులకి గ్రీజు పెడుతూ డీలా పడటం నేను చూశాను.

రోజు ఎలా నడుస్తుందంటారా. తెల్లవారేసరికి అందరూ హ్యాంగర్‌లో ఉండాలి. కాసేపు వాక్యం, ప్రార్థన, ఆ తర్వాత ఆ రోజు ఏ విమానం ఎటు వెళ్తుందో బోర్డు మీద చూసుకోవడం. ట్యాంకుల అడుగు నుంచి కాస్త ఇంధనం గాజు గొట్టంలోకి దించి నీళ్లున్నాయేమో చూస్తాం. రాత్రి మంచుకి ట్యాంకులో తేమ నీరవుతుంది, ఆ నీరే ఇంజన్‌ని గాల్లో ఆపేస్తుంది. ఈలోపు రేడియోలో కొండ ఊళ్ల నుంచి మనుషులు చెబుతుంటారు: ఇక్కడ మబ్బు లేదు, రన్‌వే మీద గడ్డి కోశాం, నిన్నటి వానకి కింది కొస బురదగా ఉంది. ఈ కబురు చెప్పే మనిషి ఎంత నిజాయితీపరుడన్నది ప్రాణాలతో ముడిపడిన సంగతి. "అంతా బాగుంది, వచ్చేయండి" అని ఎప్పుడూ ఒకే పాట పాడే ఊరంటే పైలట్లకి అనుమానం. పొద్దున పూట ఆకాశం తేటగా ఉంటుంది, మధ్యాహ్నానికి లోయల్లో మబ్బు కమ్మేస్తుంది. కాబట్టి పరుగంతా ఆ నాలుగైదు గంటల్లోనే.

ఎక్కే ప్రతి మనిషినీ కాటా మీద నిలబెడతారు. చేతి సంచితో సహా. పాస్టరుగారైనా, ఎమ్మెల్యే అయినా, చంటిపిల్లాడైనా. బస్తాలో కట్టిన పంది పిల్లకీ ఇదే రూలు. మన దగ్గర ఇలా చేస్తే పరువు పోయిందంటారు. అక్కడి రన్‌వే చూస్తే ఎందుకో అర్థమవుతుంది. మన రాజమండ్రి విమానాశ్రయం మధురపూడిలో రన్‌వే మూడు కిలోమీటర్ల పైన ఉంటుంది, సముద్ర మట్టానికి యాభై మీటర్ల ఎత్తు కూడా లేదు. కొండల్లో అయితే అయిదొందల మీటర్ల గడ్డి పట్టీ, అదీ ఏటవాలు. ఎగువకి దిగాలి, దిగువకి లేవాలి. ఒక కొసన కొండ గోడ, ఇంకో కొసన లోయ. దిగేటప్పుడు ఒక హద్దు దాటాక మనసు మార్చుకుని మళ్లీ పైకి లేచే వీలుండదు. దానికి తోడు ఎత్తూ ఎండా కలిస్తే గాలి పలచబడుతుంది, రెక్కకి పట్టు తగ్గుతుంది, ఇంజనూ బలం తగ్గుతుంది. గ్రాండ్ క్యారవాన్ విమానం లేచేటప్పుడు మొత్తం బరువు 3,969 కిలోలు దాటకూడదని కాగితం మీద ఉన్నా, అలాంటి పట్టీ మీద అంత బరువు ఎక్కించరు. ఎంత తగ్గించాలో పట్టికలు చూసి లెక్క కడతారు. వెనకవైపు ఎక్కువ బరువు పడితే ఇంకో గండం, ముక్కు పైకెత్తేస్తుంది. అందుకే ఏ బస్తా ఎక్కడ పెట్టి ఏ పట్టాతో బిగించాలన్నది కూడా లెక్కే.

ఒకళ్లని దింపేయాల్సి వస్తుంది. ఊరంతా చుట్టూ నిలబడి బతిమాలుతుంది. దేవుడు చూసుకుంటాడు, ఎక్కించుకోండి అంటారు. నా మటుకు ఈ సేవలో అన్నిటికన్నా బరువైన పని అదే: కుదరదు అని మర్యాదగా చెప్పి, ఆ మాట మీద నిలబడటం. ప్రార్థన చేశాం కదా అని పది కిలోలు ఎక్కువ పెట్టే పైలట్‌ని మంచి సంస్థ ఏదీ ఉంచుకోదు.

మీ అబ్బాయి పని దగ్గరకి వస్తే, ఎయిర్‌బస్ హ్యాంగర్‌లో ఒకడు చక్రాలు చూస్తే ఒకడు ఇంజన్ చూస్తాడు, స్టోర్సు నుంచి పార్టు వచ్చేస్తుంది. అక్కడ ఒకే మనిషి రేకు పని, టైర్లు, బ్రేకులు, ఇంజన్, కంట్రోలు తీగలు అన్నీ చూడాలి. గులకరాళ్ల మీద దిగిన విమానం ప్రొపెల్లర్ అంచున గంట్లు పడతాయి. చిన్నదే కదా అని వదిలేస్తే అక్కడి నుంచే పగులు పాకుతుంది. ఆకురాయితో ఎంత లోతు వరకు సాపు చేయొచ్చో మాన్యువల్లో ఉంటుంది, అది దాటితే ప్రొపెల్లర్ మార్చాల్సిందే. ముందు చక్రం ఫోర్కు, బ్రేకు డిస్కులు, పొట్ట కింద బురద, చక్రంలో చుట్టుకున్న గడ్డి, ఇవి రోజూ చూసేవి. క్యారవాన్‌లో ఉండేది పీటీ6 అనే టర్బైన్ ఇంజన్. కంప్రెసర్‌ని నీళ్లతో కడగడం, ఆయిల్ ఫిల్టర్ తీసి అందులో ఇనప రజను ఉందేమో చూడటం, బోరోస్కోప్ అనే సన్నటి కెమెరా గొట్టం దూర్చి లోపలి బ్లేడ్లు చూడటం. ఉప్పుగాలి తగిలే తీరంలో ఈ కడగడం మరీ ముఖ్యం. అంతర్వేది వైపు ఇళ్ల గ్రిల్లులు ఎంత తొందరగా తుప్పు పడతాయో తెలిసినవాళ్లం, మనకి దాన్ని గురించి ఉపన్యాసం అక్కర్లేదు.

ఇదివరకు ఎక్కువగా పిస్టన్ ఇంజన్ సెస్నా 206లు వాడేవారు. వాటికి కావాల్సిన ఏవ్‌గ్యాస్ అనే విమాన పెట్రోలు మారుమూల దేశాల్లో దొరకడమే కష్టం, దొరికినా పీపాల్లో మోసుకురావాలి, ఖరీదూ ఎక్కువే. మామూలు జెట్ ఇంధనంతో నడిచే టర్బైన్లకి చాలా సంస్థలు మారిపోవడానికి అదొక పెద్ద కారణం. 2007లో అనుమతి పొందిన కోడియాక్ 100 అనే విమానాన్నయితే ఇలాంటి పనిని దృష్టిలో పెట్టుకునే తయారుచేశారు.

హ్యాంగర్‌లో క్రమశిక్షణ గురించి చెప్పాలి. టూల్ బోర్డు మీద ప్రతి పనిముట్టుకీ దాని నీడ గీసి ఉంటుంది. సాయంత్రం ఒక్క పది నంబరు స్పానర్ తక్కువైనా ఆ విమానం కదలదు, అందరూ వెతకాల్సిందే. కంట్రోలు తీగ ఊడదీసి బిగిస్తే ఒకరు చూసింది చాలదు, రెండో ఇంజినీరు వచ్చి విడిగా చూసి తనూ సంతకం పెట్టాలి. ఆ ఇద్దరూ ఆ ముందు రోజు దెబ్బలాడుకుని మాట్లాడుకోకుండా ఉన్నా సరే. నవ్వకండి, చిన్న కాంపౌండులో అయిదారు కుటుంబాలు ఏళ్ల తరబడి కలిసి బతికితే అలాంటివి జరుగుతాయి. పార్టు లేక విమానం ఏఓజీ అయిందనుకోండి, అంటే ఎగరలేక నేల మీదే ఆగిపోయిందనుకోండి, ఆస్ట్రేలియా నుంచి పార్టు వచ్చి కస్టమ్స్ దాటే దాకా ఆ లోయలో మందుల కోసం చూసేవాళ్లకి మనమే జవాబు చెప్పాలి. ఆ ఒత్తిడికి లొంగి "ఈ ఒక్క ట్రిప్పుకీ పర్లేదు" అని సంతకం పెట్టనివాడే అక్కడ పనికొస్తాడు.

మతం మాట. విమానంలో ఎక్కేవాళ్లు లూథరన్లు, కేథలిక్కులు, సెవెంత్ డే వాళ్లు, ఏ చర్చీకీ వెళ్లనివాళ్లు, ప్రభుత్వ ఉద్యోగులు, అందరూ ఉంటారు. బాప్తిస్మం చిన్నప్పుడా పెద్దయ్యాకా అన్న వాదన పెట్టుకుంటే అక్కడ చెల్లదు. నరసాపురం పక్క బ్రదరెన్ వాళ్లం, రాజమండ్రి పక్క లూథరన్ వాళ్లు పెళ్లి సంబంధాల దగ్గర ఇప్పటికీ తర్జనభర్జన పడతాం కదా, అది ఇంట్లో వదిలేసి వెళ్లమనండి.

ఇక డబ్బు. మీకు అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. చాలా సంస్థల్లో కంపెనీ జీతం లాంటిది ఉండదు. వెళ్లేవాడి నెల ఖర్చు వాడి సొంత సంఘాలూ స్నేహితులూ మోయాలి. అది పూర్తిగా సమకూరితేగాని టికెట్ తీయరు. మన డెల్టాకి ఈ పద్ధతి కొత్తదేం కాదు. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే మిషనరీ మాట విని 1836లో బయల్దేరి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు నరసాపురంలో పని మొదలుపెట్టింది ఏ సొసైటీ జీతం మీదా కాదు, విశ్వాసం మీదే. మన సంఘాలు వాళ్ల నుంచే పుట్టాయి. అయినా ఇవాళ మన సంఘాలు సువార్తికుడికి ఇస్తాయి, మందిరం స్లాబుకి ఇస్తాయి, కూటాల పందిరికి ఇస్తాయి. "మెకానిక్‌కి నెలనెలా కానుక ఎందుకు, వాడికి చేతిలో పని ఉందిగా" అంటారు పెద్దలు. పౌలు కూడా డేరాలు కుట్టాడుగా అని పైపెచ్చు మనకే వాక్యం చెబుతారు. వాళ్లని తప్పు పట్టను, కళ్లకి కనిపించని పనికి చెయ్యి రాదు. అబ్బాయి వెళ్లి ఒక్కసారి సాక్ష్యం చెప్పి కవరు తీసుకుంటే సరిపోదు. ఏటా, ప్రతి నెలా నిలబడే పది కుటుంబాలు ఊగిపోయే సభ కన్నా నయం. డబ్బు చేతుల మీద కాకుండా బ్యాంకు ద్వారానే వెళ్లాలి. విదేశాల నుంచి మన సంఘం ఖాతాలోకి కానుక వస్తే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలన్నది మర్చిపోకండి, మంచి ఉద్దేశంతో చేసినా నేరమే అవుతుంది.

వాళ్లమ్మగారి భయం. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగిగారు కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి పోయిన రోజు కోనసీమలో పొయ్యి వెలిగించని ఇళ్లెన్నో. ఆ తర్వాత మన వైపు తల్లులకి గాల్లో ఎగిరేదేదైనా భయమే. ప్రమాదం లేదని నేను అబద్ధం చెప్పను. కొండల్లో చిన్న విమానాలు కూలిన సందర్భాలున్నాయి, వాటిలో మిషన్ విమానాలూ ఉన్నాయి. అయితే ఇంజినీరు రోజంతా ఉండేది నేల మీద. వాడికి ఎక్కువ గండం తిరిగే ప్రొపెల్లర్ దగ్గర, నిచ్చెన మీద, తీర ప్రాంతమైతే మలేరియాతో. పట్టణాల్లో దొంగతనాలు, దాడులు ఉంటాయి కాబట్టి కాంపౌండుకి కంచె ఉంటుంది, చీకటి పడ్డాక నడిచి తిరగరు. ఇది పెళ్లి చేసుకుని వచ్చే అమ్మాయికి ముందే చెప్పాలి. చెప్పకుండా సంబంధం కుదుర్చుకుంటే ఆ పిల్లకి అన్యాయం చేసినట్టే. పిల్లల చదువుకి అక్కడి ఉకరుంపా అనే చోట అనువాదకుల స్కూలు లాంటివి ఉన్నాయి. బియ్యం దొరుకుతుంది. ఆవకాయ జాడీ మాత్రం విమానాశ్రయం దాటుతుందని ఆశ పెట్టుకోకండి, క్వారంటైన్ వాళ్లు గట్టివాళ్లు.

మన గోదావరిలోనే ఒక విమానం ఎందుకు పెట్టుకోకూడదని అడిగారు. నా ఉద్దేశంలో అక్కర్లేదు. డెల్టాలో ఇలాంటి పని జరిగిన చోటు బంగ్లాదేశ్. నీటి మీదా నేల మీదా దిగే క్యారవాన్‌తో అక్కడి నదుల్లో పనిచేశారు. ఆ విమానం అడుగున ఉండే పడవల్లోకి ఊరిన నీళ్లు రోజూ తోడాలి, మంచినీళ్లతో కడగాలి, కీళ్లన్నిటికీ గ్రీజు పెట్టాలి, అదంతా వేరే పని. మనకి వంతెనలొచ్చాయి, 108 వస్తుంది. 2022 జూలైలో లంకలు మునిగినప్పుడు కావాల్సింది పడవలూ తాగునీళ్లూ. గాలిలోంచి సాయం తప్పనిసరైతే విశాఖ నేవీ హెలికాప్టర్లున్నాయి. ఒక క్యారవాన్ కొని నడిపే డబ్బుతో లంక గ్రామాలన్నిటికీ మోటారు పడవలు ఇవ్వొచ్చు. గోదావరి మీద మిషన్ విమానం తెస్తామని ఎవరైనా రసీదు పుస్తకాలతో వస్తే మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే ఆపరేటర్ పర్మిట్ ఎక్కడ అని అడగండి. అది చూపించేదాకా పర్సు తీయకండి.

అబ్బాయి ఇప్పుడే రాజీనామా చేయక్కర్లేదు. బి1.1 టర్బైన్ విమానాలకి పనికొస్తుంది కానీ పాపువా న్యూ గినీలో మన డీజీసీఏ లైసెన్సు నేరుగా చెల్లదు, అక్కడి అధికారుల దగ్గర మళ్లీ గుర్తింపు తెచ్చుకోవాలి. పెద్ద జెట్ల అనుభవం కన్నా చిన్న విమానాల అనుభవానికే అక్కడ విలువ. ఫ్లయింగ్ స్కూళ్లలో సెస్నా 172ల మీదో, కింగ్ ఎయిర్ బి200 నడిపే ఆపరేటర్ దగ్గరో కొన్నాళ్లు చేయమనండి. బి200లో ఉండేదీ పీటీ6 కుటుంబం ఇంజనే. జీతం తగ్గుతుంది, అది కూడా ఒక పరీక్షే అనుకోండి. రేకు అతకడం, రివెట్లు కొట్టడం చేత్తో వచ్చి ఉండాలి. ఇంగ్లీషులో రిపోర్టు తడుముకోకుండా రాయగలగాలి.

ఇంకొకటి, చేసిన ప్రతి పనీ ఆ రోజే లాగ్‌బుక్‌లో ఎక్కించి, పైన లైసెన్సున్న ఇంజినీరు సంతకం ఆ నెల దాటకుండా తీసుకోమనండి. సంతకం పెట్టాల్సిన మనిషి కంపెనీ మారి గల్ఫ్‌కి వెళ్లిపోతే తర్వాత పట్టుకోవడం కష్టం. ఆ సంతకం లేని అనుభవాన్ని ఇక్కడ డీజీసీఏ గానీ అక్కడి సంస్థ గానీ లెక్కలోకి తీసుకోదు.